అమ్మ మూలాపేట వదిలి రానంటోంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పాత పేటల్లో ఉంటున్న పెద్దవాళ్ల గురించే ఉన్నాయి. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వాటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. నెల్లూరు మూలాపేటలో మా తాతల నాటి ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నాయన పోయి మూడేళ్లయింది. నేను బెంగళూరులో, చెల్లెలు హైదరాబాదులో ఉంటాం. ఈమధ్య స్నానాల గదిలో జారి పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ నాకు అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇల్లు అమ్మేసి మినీ బైపాస్ వైపు లిఫ్టు ఉన్న ఫ్లాటు తీసిస్తానంటే అమ్మ ససేమిరా అంటోంది. బంధువులు కూడా మొండితనం అంటున్నారు. ఏం చెప్పి ఒప్పించాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఒప్పించొద్దు. నిష్ఠూరంగా అనిపించినా నా మాట ఇదే. మీ భయం అర్థమవుతోంది, కానీ మీరు లెక్కలో వేసుకున్నది బాత్‌రూమును ఒక్కదాన్నే. మీ అమ్మగారు లెక్క వేసుకుంటున్నవి వేరే ఉన్నాయి. మూలస్థానేశ్వరుడి గుడికి ఆమె ఎవర్నీ అడగకుండా నడిచి వెళ్లి రాగలదు, కూరగాయల బండి గుమ్మం ముందుకు వస్తుంది, పొగతోటలో ఏ డాక్టరు దగ్గరికైనా ఆటోలో కాసేపట్లో చేరుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా, పొద్దున ఏడు దాటినా తలుపు తీయకపోతే 'ఏమ్మా, ఒంట్లో బాగలేదా' అని గేటు కొట్టే మనిషి ఎదురింట్లో ఉంటుంది. ఫ్లాటులో లిఫ్టు ఉంటుంది, నున్నటి గచ్చు ఉంటుంది, కానీ ఆ గేటు కొట్టే మనిషి ఉండదు. 74 ఏళ్ల వయసులో కొత్త ఇరుగుపొరుగును సంపాదించుకోవడం మనం అనుకున్నంత తేలిక కాదు. చాలామంది పెద్దవాళ్లు అక్కడికి వెళ్లాక సాయంత్రం దాకా టీవీ ముందు కూర్చుని పిల్లల ఫోను కోసం ఎదురుచూడటం నేను చూశాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో, పెద్దవాళ్లకు అనువైన ఊరు ఎలా ఉండాలో చెబుతూ ఒక మార్గదర్శిని తెచ్చింది. 22 దేశాల్లోని 33 నగరాల్లో పెద్దవాళ్లనే అడిగి తయారు చేశారు. అందులో ఎనిమిది అంశాలుంటే ఇల్లు వాటిలో ఒకటి మాత్రమే. వీధి, రవాణా, నలుగురితో కలవడం, గౌరవం, వైద్యం లాంటివి మిగతావి. మీ అమ్మగారికి వాటిలో సగానికి పైగా ఇప్పుడున్న చోటే అందుతున్నాయి. లేనిది భద్రమైన బాత్‌రూము. దాన్ని బాగుచేయించండి.

ఎలాగంటే, పాత ఇళ్లలో మరుగుదొడ్డి సాధారణంగా పెరడు చివర ఉంటుంది. రాత్రి రెండు గంటలప్పుడు నిద్రమత్తులో, చీకట్లో, వానాకాలమైతే పాచి పట్టిన బండల మీద నడిచి అంత దూరం పోవాలి. అసలు ప్రమాదం అక్కడుంది. పడకగదిని ఆనుకుని చిన్న బాత్‌రూము ఒకటి కట్టించండి. ముందు ఈ పని చేసి మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. నేలకు మెరుపు టైల్సు వద్దు, గరుకుగా ఉండే యాంటీ స్కిడ్ టైల్సు అడగండి. కమోడ్ సీటు నేల నుంచి 45-48 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మోకాళ్ల నొప్పులున్నా లేవగలరు. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట, తలుపు దగ్గర స్టీలు పట్టుకమ్ములు పెట్టించండి. తువ్వాలు వేసుకునే కడ్డీ పట్టుకుని లేస్తే అది ఊడి వస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పాత సున్నపు గోడల్లో బోల్టులు నిలవవు. కొన్నాళ్లు గట్టిగానే ఉన్నట్టుండి, సరిగ్గా బరువు మోపిన రోజే గోడతో సహా ఊడతాయి. కాబట్టి కమ్మి పెట్టించేముందు మేస్త్రీతో గోడ చూపించండి. గోడ బలహీనమైతే నేలలో పాతిన పైపు స్టాండు వేయించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరిచే తలుపుకు మనిషే అడ్డం అవుతారు. గడియ బయటనుంచి కూడా తీసేలా ఉండాలి.

గడపల గురించి అడగలేదు గానీ చెప్తాను. సింహద్వారం గడప తీయమంటే ఏ అమ్మా ఒప్పుకోదు, ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. పసుపు రాసిన గడప బాగానే కనిపిస్తుంది, దాటేటప్పుడు పట్టుకోవడానికి ద్వారబంధానికి ఒక పిడి బిగిస్తే చాలు. లోపలి గదుల మధ్య గడపలు మాత్రం తీయించేయండి, అవి కనిపించవు, కాలికి తగులుతాయి. వీధి తిన్నె మెట్లకు రెండు వైపులా రెయిలింగు. మంచం నుంచి బాత్‌రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు.

ఇంటి తాళం చెవి ఒకటి ఎదురింట్లో ఇచ్చి ఉంచండి. ఫోను పక్కన గోడమీద పెద్దక్షరాలతో మీ నంబరు, డాక్టరు నంబరు, 108, పెద్దవాళ్ల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567 రాసి పెట్టండి. ఇవన్నీ అయ్యాక కూడా మీకు నిద్ర పట్టకపోతే, నెలకోసారి రండి. ఆమెను కదిలించడం కంటే అది మంచిది.

ప్రశ్న: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాది పాత ఇల్లు. ఒకప్పుడు మెట్లు ఎక్కి ఇంట్లోకి పోయేవాళ్లం, ఇప్పుడు దిగి పోతున్నాం. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతోంది. వాన పడితే కాలువ నీళ్లు వరండాలోకి వస్తున్నాయి. నాకు 70 దాటాయి, ఇల్లు ఎత్తించే స్థోమత లేదు. ఇదంతా మా ఖర్మేనా?
– రిటైర్డ్ ఉద్యోగి, స్టోన్‌హౌస్‌పేట

జవాబు: ఖర్మ కాదండీ, పని సరిగా చేయకపోవడం. పాత రోడ్డును గీకకుండా దానిమీదే కొత్త పొర వేస్తే ప్రతిసారీ కొన్ని అంగుళాలు పెరుగుతుంది. ఇరవై ముప్ఫై ఏళ్లలో అది అడుగు, అడుగున్నర అవుతుంది. రోడ్డు నీళ్లు కాలువలోకి పోవాల్సింది పోయి మీ గుమ్మంలోకి వస్తాయి, బాత్‌రూము నీళ్లు బయటికి పోవు, మెట్టు దిగేచోట ఎప్పుడూ తడి. పాత పేటల్లో పెద్దవాళ్లను ఇళ్ల నుంచి తరిమే కారణాల్లో ఇది చాలా పెద్దది, అయినా దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

తారు రోడ్డయితే పాత పొరను మిషనుతో గీకి తీసేయాలి, దాన్ని మిల్లింగ్ అంటారు. సిమెంటు రోడ్డయితే పగలగొట్టి వేయాలి. దానికి ఖర్చు ఎక్కువవుతుంది కాబట్టి ఎవరూ తమంతట తాము చేయరు, మీరు అడగాలి. అడగాల్సిన సమయం టెండరు పిలవకముందే. అంచనా తయారయ్యే దశలో 'పాత పొర తీయడం' అన్న పద్దు అందులో ఉందో లేదో చూడాలి. లేకపోతే కాంట్రాక్టరుతో గొడవపడినా లాభం లేదు, ఆయనకు డబ్బిచ్చేది ఉన్న పద్దులకే. అంచనా కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ముందు వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువల లాంటి వసతులు చూసే ఎమినిటీస్ సెక్రటరీని కలవండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 1100కు ఫోను చేసి కూడా నమోదు చేయవచ్చు. అర్జీలో మన కష్టాలన్నీ రాస్తే చదివేవాళ్లకు పని ఏమిటో తెలియదు. గుమ్మం ముందు టేపు పెట్టి రోడ్డు ఎంత ఎత్తున ఉందో కనిపించేలా ఫోటో తీయండి, వీధిలో ప్రతి ఇంటి ముందూ తీయండి, కొలతలు ఒక కాగితం మీద వరుసగా రాయండి, చివర అందరి చేత సంతకాలు పెట్టించండి. అడిగేది ఒక్క వాక్యంలో ఉండాలి: కొత్త రోడ్డు మధ్యభాగం మా గుమ్మాల కంటే తక్కువ ఎత్తులో ఉండాలి.

కాలువ సంగతి కూడా అదే అర్జీలో కలపండి. మన ఇరుకు వీధుల్లో ప్రమాణాల ప్రకారం 1.8 మీటర్ల ఫుట్‌పాత్ వేయడానికి స్థలం దొరకదు. కానీ ఒకవైపు కాలువ మీద పలకలన్నీ ఒకే మట్టంలో, సందులు లేకుండా వేస్తే చేతికర్ర పట్టుకున్నవాళ్లకు అదే నడిచే దారి అవుతుంది. పలకలకు ఎత్తే కొక్కేలు ఉండాలని రాయండి, లేకపోతే పూడిక తీసేటప్పుడు గునపంతో లేపుతారు, అంచులు విరుగుతాయి, మళ్లీ గుంట పడుతుంది. ఇక్కడ వీధివాళ్లు చేయాల్సింది కూడా ఉంది. బైకు ఎక్కించుకోవడానికి ఎవరికి వాళ్లు కాలువ మీద సిమెంటు పోసి ఏటవాలు కట్టేసుకుంటున్నారు, వరుసగా పది ఇళ్ల ముందు అలా ఉంటే పెద్దవాళ్లు లారీల మధ్య రోడ్డు మీదకు దిగాల్సిందే. సంతకాలకు వెళ్లినప్పుడే దాని గురించి కూడా మాట్లాడండి.

ప్రశ్న: సంతపేటలో మాకు 60 అంకణాల స్థలంలో పాత ఇల్లుంది. అన్నదమ్ములం డెవలప్‌మెంట్‌కు ఇవ్వాలనుకుంటున్నాం. నాయనకు 81, నడవడానికి వాకర్ కావాలి. బిల్డరు మంచివాడే, లిఫ్టు పెడతానన్నాడు. ఇంకా ఏమైనా చూసుకోవాలా?
– ఒక పాఠకుడు, సంతపేట, నెల్లూరు

జవాబు: చాలా చూసుకోవాలి. 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి రెరా, అంటే బిల్డర్లను అదుపులో పెట్టే రియల్ ఎస్టేట్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన నెల్లూరు 72 చదరపు అడుగుల అంకణం లెక్కలో అది సుమారు 75 అంకణాలు, అంటే మీది ఆ లోపే. రెరా రక్షణ ఉండకపోవచ్చు కాబట్టి మిమ్మల్ని కాపాడేది అగ్రిమెంటు ఒక్కటే. నోటిమాట ఎంత మంచివాడిదైనా నోటిమాటే. అగ్రిమెంటును రిజిస్టరు చేయించండి.

లిఫ్టు ఉంటే సరిపోదు, లిఫ్టు దాకా వెళ్లాలి కదా. చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగు నుంచి లిఫ్టు గుమ్మానికి నాలుగు మెట్లుంటాయి, వాకర్ అక్కడే ఆగిపోతుంది. రోడ్డు నుంచి లిఫ్టు వరకు ఒక్క మెట్టు కూడా ఉండకూడదని రాయించండి. ర్యాంపు ఏటవాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. స్థలం మిగులుతుందని చాలాచోట్ల నిటారుగా కట్టేస్తారు, దానిమీద వాకర్ నిలవదు. నాయనగారి ఫ్లాటులో బాత్‌రూముతో సహా తలుపులన్నీ 90 సెంటీమీటర్ల వెడల్పు, లిఫ్టుకు కరెంటు పోయినా పనిచేసే ఏర్పాటు, ఇవి కూడా రాయించండి. కట్టే రోజుల్లో అద్దె ఇల్లు సంతపేటలోనే, కింది పోర్షనులోనే చూడాలి, అద్దె బిల్డరు కట్టాలి. 81 ఏళ్ల మనిషిని రెండేళ్లు వేరే వైపు తీసుకెళ్తే తిరిగొచ్చేసరికి ఆయనకు తన పేట పరాయిది అవుతుంది.

ఇంకొకటి. ఆస్తి ఇంకా నాయనగారి పేరునే ఉంటే, మీ పేర్లకు దానసెటిల్‌మెంట్ రాయించుకునే తొందర వద్దు. రాస్తే, ఆయన్ను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే దస్తావేజు రద్దు చేయమని ఆయన ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు లేకుండా రాసిన కాగితంతో పోరాటం కష్టం. మీరు అలాంటి పిల్లలు కారని నాకు తెలుసు, రేపు పరిస్థితులు ఎలా ఉంటాయో మాత్రం మీకూ నాకూ తెలియదు.

ప్రశ్న: ఒంగోలు లాయర్‌పేటలో మేం కొందరు కుర్రాళ్లం చందాలేసుకుని పెద్దవాళ్ల కోసం పార్కులో బెంచీలు వేయాలనుకుంటున్నాం. ఇది మంచి పనేనా?
– యువకుల బృందం, ఒంగోలు

జవాబు: మంచి పనే, కానీ తమ్ముళ్లూ, పార్కులో కాదు, పార్కుకు వెళ్లే దారిలో వేయండి. పార్కు దాకా నడవగలిగినవాళ్లు అక్కడ ఎక్కడో ఒకచోట కూర్చుంటారు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే చోటు లేక అసలు బయలుదేరనివాళ్లు ఇళ్లలో ఉన్నారు. ముందు వాళ్లను అడగండి, గుడికో, మందుల షాపుకో వెళ్లేటప్పుడు ఎక్కడ కాళ్లు లాగుతాయో. ఆ చోట్లలోనే, చెట్టు నీడ చూసి, కార్పొరేషన్ అనుమతి తీసుకుని వేయండి. వీపు ఆనించుకునే ఒరుగు, రెండు పక్కలా చేతులు ఉన్న బెంచీలే కొనండి. చేతులు లేని రాతి బెంచీ మీద కూర్చున్న పెద్దాయన లేవడానికి ఇంకొకరు కావాలి. సీటు మరీ కిందికి ఉండకూడదు.

ప్రశ్న: ఒంగోలు ట్రంకు రోడ్డు దాటడం మా జేజికి గండంగా ఉంది. సిగ్నలు పడినా సగంలో ఉండగానే బండ్లు వచ్చేస్తాయి. ఎవర్ని అడగాలి?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: అమ్మాయీ, తప్పు మీ జేజి నడకది కాదు, సిగ్నలుది. సిగ్నలు సమయం లెక్కగట్టేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుంటారు. 14 మీటర్ల రోడ్డుకు అది 12 సెకన్లు. పెద్దవాళ్లు సెకనుకు 0.8 మీటర్లే నడవగలిగితే 17 సెకన్లు దాటుతుంది. ఆ ఐదారు సెకన్లు ఆమె బండ్ల మధ్య ఉంటుంది. సింగపూర్‌లో 2009 నుంచి పెద్దవాళ్లు తమ కార్డును సిగ్నలు స్తంభానికి ఆనిస్తే పచ్చలైటు మరికొన్ని సెకన్లు ఎక్కువసేపు వెలుగుతుంది. మనకు కార్డులు అక్కర్లేదు, ఉన్న సమయాన్నే కొంచెం పెంచమని అడుగుదాం. మీ జేజి దాటుతుండగా ఫోనులో వీడియో తీయి, ఎన్ని సెకన్లు పట్టిందో, పచ్చలైటు ఎన్ని సెకన్లు ఉందో రాయి. అర్జీ ట్రాఫిక్ పోలీసులకు ఒకటి, కార్పొరేషన్ కమిషనర్‌కు ఒకటి. పోలీసులను సమయం పెంచమను, కమిషనర్‌ను రోడ్డు మధ్య డివైడరులో మనిషి ఆగి నిలబడేంత ఖాళీ, దానికి మెట్టు లేని దారి అడుగు. రెండింటి కాపీలూ, రసీదులూ దగ్గర ఉంచుకో. నెల దాటినా కదలకపోతే మళ్లీ నాకు రాయి.