నైలాన్‌లో న్యూయార్కూ లేదు, లండనూ లేదు

సందేహం: న్యూయార్క్, లండన్ పేర్లు కలిపి ‘నైలాన్’ అని పెట్టారని మా చిన్నప్పుడు బళ్లో చెప్పారు. మా అబ్బాయి అది తప్పంటున్నాడు. ఏది నిజం? తెలుగులో నైలాన్ అని రాయాలా, నైలాను అనా?

సమాధానం: మీ అబ్బాయి చెప్పిందే నిజం. నాకూ బళ్లో ఇదే చెప్పారు, నేనూ చాలాకాలం నమ్మాను. కానీ లండన్‌కు దీంతో ఏ సంబంధమూ లేదు. 1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం దీన్ని తయారుచేసింది అమెరికాలో, డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో. 1938లో లోకానికి ప్రకటించింది మాత్రం న్యూయార్క్‌లోనే. అప్పటికి ఏడాది ముందే కరోథర్స్ చనిపోయాడు.

పేరు గురించి కంపెనీవాళ్లే రెండు రకాలుగా చెప్పారు. ‘నైల్’ అన్న ముక్కకు అర్థమేమీ లేదని, ‘ఆన్’ మాత్రం కాటన్, రేయాన్ మాటల తోక అని 1940లో ఒకసారి చెప్పారు. తర్వాతి కాలంలో మరో సంగతి బయటపెట్టారు. ఆడవాళ్ల మేజోళ్లలో ఒక పోగు తెగితే నిలువునా విడిపోతుంది కదా, అలా విడిపోనిదని మొదట ‘నో-రన్’ అనుకున్నారట. కానీ నైలాను మేజోళ్లూ అలా విడిపోతాయి, ఆ పేరు పెడితే అబద్ధమవుతుంది. అందుకని అక్షరాలు తిరగేసి, మార్చి మార్చి చివరికి నైలాన్ దగ్గర ఆగారు. నాకు ఆ తోకే ముచ్చటగా ఉంటుంది. కాటన్ అరబ్బీ ‘కుత్న్’ నుంచి వచ్చిన మాట. అంటే పత్తి పోగు ఒక్కటీ లేని దారానికి పత్తి తోక మిగిలింది!

ఇక మన సంగతి. హల్లుతో ఆగే మాటకు ఉకారం చేర్చుకోవడం తెలుగు అలవాటు. పెన్ను, బస్సులలో హల్లుకు ముందున్న అచ్చు పొట్టిది కాబట్టి హల్లు రెట్టించింది. రైలు, నైలానులలో ఆ అచ్చు పొడుగ్గా ఉంది, రెట్టించదు. విడిగా వాడితే నైలాను, ‘నైలానుతో’ అనడం నాకు హాయిగా ఉంటుంది. ఇంకో మాట ముందు చేరితే నైలాన్ తాడు, నైలాన్ వల, నైలాన్ చీర అనే జనం అంటారు, అలాగే రాయండి.

దీన్ని ‘నార’ అనకండి. నార చెట్టు నుంచి వచ్చేది: గోగునార, అరటినార. ‘కృత్రిమ దారం’ అంటే చాలు. తేడా చూడాలంటే తాడు కోసిన కొసకు అగ్గిపుల్ల చూపించండి. నూలుదైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. నైలానుదైతే కరిగి, ముడుచుకుని, గట్టి పూసలా తయారవుతుంది. పురి విడిపోకుండా తాడు కొసలు కాల్చేది అందుకే.

ఒక్క మాట మాత్రం మార్చుకోమని గట్టిగా అడుగుతాను. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే నైలాన్ దారాన్ని ‘చైనా మాంజా’ అంటున్నాం. అందులో చాలావరకు మన దేశంలోనే తయారవుతుంది. ఆ పేరు వల్ల, చైనాది కాకపోతే కొనొచ్చని పిల్లలు అనుకుంటున్నారు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది నైలాన్ వంటి కృత్రిమ దారపు మాంజాలన్నిటినీ, ఎక్కడ తయారైనా సరే. మెడలు కోసేది ఆ దారమే కాబట్టి నైలాన్ మాంజా అనే అనండి, అనే రాయండి.