భానుమతి గారి పాటలతో బరంపురంలో గంటన్నర సభ: ఏ పాటలు, ఏ శ్రుతి, పిల్లలకు నేర్పేదెలా

అడిగిన విషయం ఇదీ: బరంపురంలోని తెలుగు కుటుంబాలు కలిసి భానుమతీ రామకృష్ణ గారి జీవితం, పాటల మీద గంటన్నర సభ పెట్టుకోవాలనుకుంటున్నారు. పాడే పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదివింది ఒడియా బడిలో. తెలుగు అక్షరాలు రావు. హార్మోనియం, తబలా వాయించేది ఒడియావాళ్లు. ఏం పాడించాలి, ఎలా తయారు చేయాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇలాంటి సభలకు పిల్లల్ని తయారు చేసేటప్పుడు తెలిసినవి చెబుతున్నానండి.

పాటల ఎంపికతోనే సగం పని తేలిపోతుంది. ఎక్కువమంది విన్న పాటల జాబితా ముందు పెట్టుకుని ఏరుకుంటే సభ చప్పగా నడుస్తుంది. భానుమతి గారు ఇంకొకరి పెదవులకు గొంతు అరువిచ్చిన గాయని కారు, తన పాత్రకు తనే పాడుకున్న నటి. ఆవిడ పాటలో నటన గొంతులోనే ఉంటుంది. కాబట్టి పాత్రలు మారుతూ పోయేలా పాటలు పేర్చండి. ఏడు పాటలు చాలు. 78 ఆర్‌పీఎం రికార్డుకి ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర, అందువల్ల పాత పాటలు చిన్నవే. ఏడూ కలిపి అరగంట లోపు అయిపోతాయి. మిగతా సమయం మాటలకీ, చదివి వినిపించడానికీ, శ్రుతి సర్దుకోవడానికీ ఖర్చవుతుంది.

మొదటిది 'వరవిక్రయం' (1939) లోని త్యాగరాజ కీర్తన 'పలుకవేమి నా దైవమా'. కట్నం మీద కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన నాటకాన్ని సి. పుల్లయ్య గారు కలకత్తాలో సినిమాగా తీశారు. 1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన అమ్మాయి పదమూడేళ్లకే అందులో కాళింది వేషం వేసింది. ఈ కీర్తనని కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్ల ఎవరైనా ఉంటేనే పెట్టండి, లేకపోతే పల్లవి, అనుపల్లవితో ఆపేయండి. తర్వాత 'స్వర్గసీమ' (1945) లోని 'ఓహో పావురమా'. రీటా హేవర్త్ నటించిన 'బ్లడ్ అండ్ శాండ్' ప్రేరణతో బాలాంత్రపు రజనీకాంతరావు గారు కట్టిన పాట, సినిమాకి సంగీతం నాగయ్య గారిది. మొదటి పాట పక్కనే దీన్ని పాడిస్తే ఆరేళ్లలో ఆవిడ గొంతు ఎక్కడికి చేరిందో సభకు వేరే చెప్పక్కర్లేదు.

'మల్లీశ్వరి' (1951) నుంచి రెండు తప్పనిసరి: 'మనసున మల్లెల మాలలూగెనే', 'పిలచిన బిగువటరా'. సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి సాహిత్యం. ఈ రెండూ వెంటవెంటనే పెట్టకండి, మధ్యలో జీవితకథ రెండు నిమిషాలు చెప్పించండి. మొదటిది ఎన్నాళ్లకో బావ దొరికిన రాత్రి పాడే పాట. రెండోది వాన కురిసే రాత్రి సత్రంలో, మారువేషంలో ఉన్న రాయలవారు చూస్తుండగా మల్లి ఆడుతూ పాడేది. ఒకే పిల్ల రెండూ పాడితే మొదటి పాటలోని మెత్తదనం రెండోదాన్ని పట్టుకుని వదలదు. ఇద్దరికి పంచండి. ట్రాక్ వెతికేటప్పుడు సినిమా పేరుతో పాటు 1951 అని కొట్టండి, లేకపోతే 2004లో వెంకటేశ్ గారు చేసిన సినిమా పాటలు వచ్చి పడతాయి.

అయిదోది మన ప్రాంతానికి మనసైనది: 'విప్రనారాయణ' (1954) లో ఆవిడ పాడిన 'సావిరహే తవ దీనా'. జయదేవుడి గీతగోవిందంలో ఎనిమిదో అష్టపది ఇది. సభలో కూర్చునే ఒడియా పెద్దలకు గీతగోవిందం కొత్తగా చెప్పాల్సింది కాదు, వాళ్లు చెవి రిక్కించే పాట ఇదే. అయితే వాళ్ల చెవిలో ఒడిస్సీ వరుస ఉంటుంది, సినిమా వరుస వేరు. పాటకు ముందు ఒడియాలో రెండు వాక్యాలు చెప్పించండి: మాటలు జయదేవుడివి, వరుస రాజేశ్వరరావు గారిది, పాడింది దేవదేవి వేషంలో భానుమతి గారు. రెండు వరుసల్నీ కలిపి పాడదామని ఎవరైనా సరదాపడితే ఒప్పుకోకండి. ఏ వరుసా నిలవదు.

ఆరోది 'అంతస్తులు' (1965) లోని 'దులపర బుల్లోడో'. ఆడపిల్లల వెంటపడే పోకిరీల దుమ్ము దులపమనే పాట. దీన్ని శ్రావ్యంగా పాడితే పాట చచ్చిపోతుంది. మాటని కొట్టినట్టు పలకాలి, 'దు' మీద బరువు పడాలి. మైకుని నోటికి బెత్తెడు దూరంలో పెట్టించండి, మరీ దగ్గరగా ఉంటే 'బు' దగ్గర గాలి కొట్టి స్పీకరు ఢబ్ మంటుంది. చివరిది 'మంగమ్మగారి మనవడు' (1984) లోని 'శ్రీ సూర్యనారాయణా మేలుకో'. వాణీ జయరాం గారితో కలిసి పాడింది కాబట్టి ఒక పెద్దావిడనీ, ఒక అమ్మాయినీ కలిపి నిలబెట్టొచ్చు. ఈ రెండింటి నడుమ ఆవిడే రాసిన 'అత్తగారి కథలు' నుంచి ఒక ఘట్టం అయిదు నిమిషాలు చదివించండి. తెలుగు ధారాళంగా చదివే అమ్మమ్మ ఎవరైనా ఉంటే అది ఆవిడ వంతు.

ఇక లిపి సంగతి. ఎక్కువ శ్రమ పడాల్సింది ఇక్కడే. పిల్లలు పాటని ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు, అది మంచిదే. ఇంగ్లీషు అక్షరాల కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఒడియాలో ఎ, ఏ రెండింటికీ ఒకటే గుర్తు. ఒ, ఓ లకూ అంతే. 'మల్లెల మాలలూగెనే'లో లె, గె పొట్టివి, నే పొడుగు. ఒడియాలో రాస్తే మూడూ ఒకలాగే కనిపిస్తాయి, పిల్ల 'మల్లేల' అనేస్తుంది. పొడుగు వచ్చిన ప్రతిచోటా అక్షరం కింద ఎర్ర గీత పెట్టండి. ఇ, ఈ, ఉ, ఊలకు రాతలో తేడా ఉన్నా ఒడియా పలుకుబడిలో ఆ తేడా వినపడదు. అందుకని 'లూ' సరిగ్గా రాసుకున్నా 'లు' అనే పలుకుతారు. దానికీ గీత కావాలి. తలకట్టున్న అక్షరం ఒడియా నోట్లో 'ఒ' వైపు గుండ్రపడుతుంది, 'మనసున' కాస్తా 'మొనొసునొ' అవుతుంది. ఇది గీతలతో తీరేది కాదు. పెద్దవాళ్లు ఒక్కో పదం పలుకుతుంటే పిల్లలు తిరిగి చెప్పాలి, వరుస తర్వాత. 'వ'ని 'బ' అక్షరంతో రాయనివ్వకండి, 'పాబురమా' అవుతుంది. ఒడియాలో 'వ'కు వేరే అక్షరం ఉంది, అదే రాయించండి. గీతగోవిందం అలవాటున్న పిల్లలు 'తవ'ని 'తబ' అంటారు. వాళ్ల సంప్రదాయంలో అది తప్పు కాదు. కానీ ఇక్కడ పాడుతున్నది భానుమతి గారి పాట, 'తవ' అనే అనాలి.

వాయిద్యాల దగ్గర వచ్చే పెద్ద చిక్కు శ్రుతి పేర్లు. మనవాళ్లు 'అయిదు' అంటే పంచమ శ్రుతి, అంటే జి. ఇక్కడి హార్మోనియం వాయించేవాళ్లు 'కాలీ' మెట్లతో, అంటే నల్ల మెట్లతో లెక్కపెడతారు. ఉత్త 'అయిదు' అంటే 'కాలీ పాంచ్' అనుకుంటే అది ఎ షార్ప్, మూడు మెట్లు పైన. చరణానికి వచ్చేసరికి పిల్ల గొంతు చీలిపోతుంది. మన అయిదున్నర వాళ్ల 'కాలీ చార్', మన నాలుగు వాళ్ల 'సఫేద్ చార్', అంటే నాలుగో తెల్ల మెట్టు. అన్నిటికన్నా మేలు, మెట్టు మీద వేలు పెట్టి చూపించి, జి అనో జి షార్ప్ అనో కాగితం మీద రాసివ్వడం. తబలాకు కూడా మన తాళాల పేర్లు చెప్పకండి, మాత్రలు చెప్పండి. ఎనిమిదైతే కెహర్వా, ఆరైతే దాద్రా అని వాళ్లే పట్టేస్తారు. ఏ మాట మీద సమ (తాళం మొదటి దెబ్బ) పడుతుందో ఆ అక్షరం పైన చుక్క పెట్టి ఇవ్వండి.

శ్రుతిని పల్లవి పాడించి నిర్ణయించకండి. చరణంలో అన్నిటికన్నా పైకెళ్లే ముక్కని ముందు పాడించి, అది అరవకుండా పలికే చోట శ్రుతి పెట్టి, తర్వాత కింది స్వరం వినపడుతోందో లేదో చూడండి. ఫోనులో వినే పాత పాటలు చాలావరకు రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంటాయి. రికార్డు నుంచి టేపుకి, టేపు నుంచి కంప్యూటరుకి ఎక్కించేటప్పుడు వేగం మారడమే కారణం. దాంతో నేర్చుకున్న పిల్ల హార్మోనియం పక్కన కూర్చోగానే తడబడుతుంది. శ్రుతి మార్చే యాప్ లో మెట్టుకి వంద సెంట్లు. మీరు ఎంచుకున్న శ్రుతిలో తంబురా పెట్టి, పాటని పది పది సెంట్లుగా జరిపి కలిసేచోట ఆపి, ఆ ఫైలే అందరికీ పంపండి. రెండు మెట్లకు మించి జరిపితే గొంతు బొమ్మ మాట్లాడినట్టు అవుతుంది.

పాడే తీరు గురించి ఒకటే మాట. గొంతుకి తీపి పూయనివ్వకండి. ఆవిడ హల్లుల్ని గట్టిగా, అచ్చుల్ని విప్పారుగా పలుకుతారు. తండ్రి బొమ్మరాజు వెంకట సుబ్బయ్య గారి దగ్గర నేర్చిన సంగీతం వల్ల గమకం బరువుగా పడుతుంది. టీవీ పోటీలు చూసి పెరిగిన పిల్లలు ప్రతి మాట చివరా ఊపిరి వదిలి మెత్తబరుస్తారు, అది మాన్పించాలి.

వ్యాఖ్యానంలో ఇవి సరిచూసుకోండి. 'కృష్ణప్రేమ' చిత్రీకరణలో పరిచయమైన పి.ఎస్. రామకృష్ణారావు గారితో 1943లో పెళ్లి. కొడుకు పేరు భరణి, నిర్మాణ సంస్థకూ ఆ పేరే. 'చండీరాణి' (1953) ని తెలుగు, తమిళం, హిందీల్లో ఒకేసారి ఆవిడే దర్శకత్వం వహించి తీశారు. సభలో దీన్ని నొక్కి చెప్పండి, చాలామందికి తెలియదు. 'చక్రపాణి' (1954) సినిమాకు సంగీతమూ ఆవిడదే. పద్మశ్రీ 1966లో. కన్నుమూసింది 2005 డిసెంబర్ 24న, చెన్నైలో. 'మిస్సమ్మ'లో ముందు ఆవిడే నటించడం, మాట పట్టింపు వచ్చి తప్పుకోవడం, ఆ వేషం సావిత్రి గారికి వెళ్లడం ఒక్క వాక్యంలో చాలు. దాన్ని పావుగంట సాగదీస్తే ఆవిడ చేసిన పని చెప్పడానికి సమయం మిగలదు.

టికెట్ పెట్టకుండా, ఔత్సాహికుల సంఘంగా చేసుకునే సభకు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. టికెట్ పెట్టారంటే లైసెన్సు తీసుకోవాలి. మైకు రాత్రి పది లోపు కట్టేయాలి కాబట్టి ఏడింటికి మొదలుపెట్టండి. ఈ మినహాయింపు సభ వరకే, వీడియోని యూట్యూబ్ లో పెడితే పాటల హక్కుదారులు క్లెయిం వేస్తారు, ముఖ్యంగా సినిమా ట్రాక్ వాడి ఉంటే. పిల్లల తల్లిదండ్రులకు పంచుకోవడానికి ప్రైవేట్ లింకు పెట్టుకోండి.