బృహద్ధమని వెడల్పయితే ఆపరేషనేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పదిహేనేళ్లుగా బీపీ ఉంది. ఒంట్లో బాగుందనిపిస్తే మాత్రలు మానేస్తారు. ఈమధ్య ఎకో పరీక్షలో, గుండె నుంచి పైకి వెళ్లే బృహద్ధమని 4.3 సెంటీమీటర్లు ఉన్నట్టు తేలింది. ఏడాది తర్వాత మళ్లీ చూద్దామన్నారు. అంతకాలం ఆగవచ్చా? మాత్రలతో తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆగవచ్చు, కానీ మాత్రలు మానేసి కాదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం తాకిడిని మొదట భరించేది బృహద్ధమనే. దాని గోడలో సాగి మళ్లీ దగ్గరకొచ్చే సన్నని పోగులుంటాయి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే అవి తెగిపోయి, నాళం మెల్లగా వెడల్పవుతుంది. వదులైపోయిన ఎలాస్టిక్ మళ్లీ బిగియనట్టే, ఇదీ మాత్రలతో పాత కొలతకు రాదు. ఇకమీదట సాగే వేగాన్ని, గోడ చీలే ప్రమాదాన్ని తగ్గించడమే వాటి పని.

సాధారణంగా 5.5 సెంటీమీటర్లకు చేరితే ఆపరేషన్ సూచిస్తారు. పుట్టుకతోనే బృహద్ధమని కవాటానికి మూడు బదులు రెండే రేకులున్నా, మార్ఫాన్ సిండ్రోమ్ (ధమని గోడల్ని బలహీనపరిచే జన్యు సమస్య) ఉన్నా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ధమని చీలినా అంతకంటే ముందే అవసరం కావచ్చు కాబట్టి, ఈ మూడింటి గురించి మీ డాక్టరుగారిని తప్పక అడగండి. ఎకో కొలతల్లో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే, వచ్చేసారి 4.4 అని రాస్తే కంగారు పడనక్కర్లేదు. ఒకసారి సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) చేయిస్తే కొలత కచ్చితంగా తెలుస్తుంది.

నాన్నగారి బీపీ 130/80 లోపు ఉండాలి. ఉదయం మాత్రకు ముందు, అయిదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చున్నాక చూసి, ఒక పుస్తకంలో రాయించండి. అంకెలు కళ్లెదుట ఉంటే మాత్ర మానడం అంత తేలిక కాదని నా అనుభవం. పొగతాగే అలవాటుంటే మాన్పించాలి. ఊపిరి బిగబట్టి బియ్యం బస్తాలు ఎత్తకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు ఇలాంటివారికి మంచివి కావని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది.

ఛాతీలోగానీ రెండు భుజాల మధ్య వీపులోగానీ ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వస్తే, గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ఈ ఎకో రిపోర్టు అక్కడి డాక్టరు చేతిలో పెట్టండి. గుండెపోటు అనుకుని రక్తం పల్చబరిచే మందులిస్తే, చీలిన ధమనికి అవే ప్రాణాంతకం కావచ్చు.