మీ వారి గుర్రాలకు విడిగా ఒక ఖాతా తెరవండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ దగ్గరి పల్లె. నాకు 41 ఏళ్లు, ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. మా వారు వ్యవసాయం చేస్తారు. ఆయనకు గుర్రాలంటే ప్రాణం. తెల్లవారుజామున నాలుగున్నరకే లాయంలో ఉంటారు. మూడు గుర్రాలకు మేత, లాడాలు, మందులు కలిపి నెలకు 21,000 రూపాయలు అవుతోంది. పెళ్లి ఊరేగింపులకు పంపితే ఏడాదికి 90,000 వస్తుంది. ఇప్పుడు నా నగలు కుదువపెట్టి నాలుగేళ్ల మార్వాడీ జాతి ఆడగుర్రాన్ని కొందామంటున్నారు. పాపకు తొమ్మిదేళ్లు. వద్దంటే ఆయన నొచ్చుకుంటారు, సరేనంటే నాకు నిద్ర పట్టదు.

జవాబు: నగలు కుదువపెట్టకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతావి మీ వారితో నిదానంగా మాట్లాడుకోవచ్చు. చీకటితోనే లేచి మూగజీవాలకు ఉలవలు పెట్టే మనిషిని దుబారా మనిషి అని నేను అనను. అయితే ఆ ప్రేమకు ఎంత ఖర్చవుతోందో మీ ఇంట్లో ఇంతవరకు ఎవరూ పూర్తిగా లెక్క వేసినట్టు లేదు.

నెలకు 21,000 అంటే ఏడాదికి 2,52,000. ఊరేగింపుల డబ్బు తీసేస్తే 1,62,000. అంటే నెలకు 13,500 ఇంటి డబ్బులోంచి పోతోంది. మీ చేలో వచ్చిన వేరుశనగ కట్టెను మేపుతూ ఉంటే దానికీ వెల కట్టండి. వాన మొహం చాటేసిన ఏడు అదీ కొనాల్సిందే. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లు ఆగుతాయి, మేత ఒక్కపూట కూడా ఆగదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక కొత్త గుర్రం. బాగా చూసుకుంటే గుర్రం 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. ఈ నాలుగేళ్ల గుర్రానికి 25 వచ్చేసరికి మీకు 62, సరిగ్గా మీ ఉద్యోగ విరమణ వయసు. మీకు మిగిలిన సర్వీసంతా దాన్ని పోషించాలన్నమాట. ఊరేగింపుకు పనికిరాని ముసలి గుర్రాన్ని మీ వారు అమ్ముకోలేరు, అమ్మకూడదు కూడా. దాని ముసలితనానికి డబ్బు ఎక్కడిదో కొనకముందే తేలాలి.

ఉన్న మూడింటికి బ్యాంకులో విడిగా ఒక ఖాతా తెరవండి. ఊరేగింపుల డబ్బంతా అందులోకే రావాలి. ఇంటి నుంచి నెలకు 13,500 దాటి వెళ్లకూడదు. ఈసారి పంట అమ్మిన డబ్బులో 60,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, వైద్యానికి తప్ప తాకకండి. గుర్రాలు వాంతి చేసుకోలేవు. అందుకే శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి వచ్చి నేల మీద పొర్లుతుంటే తెల్లవారేదాకా ఆగే వీలుండదు. అర్ధరాత్రి డాక్టరును రప్పించాలన్నా, బండెక్కించి తీసుకెళ్లాలన్నా చేతిలో డబ్బుండాలి. పశువుల బీమా ప్రధానంగా చనిపోతే ఇచ్చే పరిహారమే, చికిత్స ఖర్చు దానితో గడవదు.

జాతీయ పశుసంపద మిషన్ కింద గుర్రాల పెంపకానికి కూడా 50 శాతం రాయితీ ఇవ్వాలని 2024లో కేంద్రం నిర్ణయించిన మాట నిజమే. అది పెంపకాన్ని వ్యాపారంగా చేపట్టేవారి కోసం. ముచ్చటపడి ఒక గుర్రం కొనడానికి దాన్ని నమ్ముకోకండి.

గుర్రాల కన్నా ముందు మీ వారికి బీమా కావాలి. బాణసంచా, డీజే మోతల మధ్య బెదిరిన గుర్రాన్ని పట్టుకునేది ఆయనే కదా! ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రమాద బీమా ఉంది, కానీ అది చాలదు. దానికి తోడు టర్మ్ జీవిత బీమా పాలసీ, పెద్ద మొత్తానికి ప్రమాద పాలసీ తీసుకోండి.

నగల రుణానికి కట్టబోయే డబ్బులోంచి నెలకు 5,000 పాప పేరిట సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి. పదేళ్లు నిండితే ఆ ఖాతా తెరవనివ్వరు, కాబట్టి ఈ నెలలోనే పోస్టాఫీసుకు వెళ్లండి. 18 ఏళ్లు వచ్చాక చదువు కోసం అందులో సగం దాకా తీసుకోవచ్చు.

ఒక ఆషాఢం, ఒక మూఢం గడిచాక కూడా గుర్రాల ఖాతాలో డబ్బు మిగిలి, ఆ 60,000 కదలకుండా ఉంటే, నాలుగో గుర్రం గురించి మీ వారినే నాకు రాయమనండి. సంతోషంగా లెక్క వేసి పంపుతాను.