సమాధానం: స్పెక్ట్రమ్ సరిపోయింది కానీ స్థానభ్రంశం చివర్లో జారిపోతోంది
భూకంప రికార్డును (నేల త్వరణం నమోదును) లక్ష్య స్పెక్ట్రమ్‌కు సరిపోయేలా సవరించాక, చివర్లో స్థానభ్రంశం ఎందుకు జారిపోతోందని మీరు అడిగారు. స్పెక్ట్రమ్ అంటే వేర్వేరు పౌనఃపున్యాల నిర్మాణాలు ఆ కదలికకు గరిష్ఠంగా ఎంత స్పందిస్తాయో చూపే రేఖ. అది చక్కగా కుదిరినా స్థానభ్రంశం సున్నాకు రాకుండా జారిపోతోందంటే, అనుమానించాల్సింది సరిపోల్చడానికి మీరు రికార్డుకు కలిపిన వేవ్‌లెట్లనే (కొద్దిసేపే ఉండే చిన్న తరంగాలనే). త్వరణంలో కంటికి ఆనని చిన్న తేడా కూడా రెండుసార్లు సమాకలనం చేసేసరికి మీటర్లకు పెరుగుతుంది.

1. వేగం, స్థానభ్రంశం రెండూ చివరికి సున్నాకు చేరే వేవ్‌లెట్ వాడండి. 2010లో అల్ అతిక్, అబ్రహాంసన్ ప్రతిపాదించినది అలాంటిదే.

2. ముందు అధిక పౌనఃపున్యాలను సరిపోల్చి, తర్వాతి విడతల్లో తక్కువ వాటికి విస్తరించండి.

3. ఇంకా జారుడు మిగిలితే బేస్‌లైన్ సవరణ చేయండి, అంటే రికార్డులోని నెమ్మదైన వాలును తీసేయండి.

4. చాలామంది వదిలేసేది ఇదే: సవరించిన రికార్డుకు స్పెక్ట్రమ్‌ను మళ్లీ లెక్కించాలి. బేస్‌లైన్ సవరణ తక్కువ పౌనఃపున్యాల విలువలను మారుస్తుంది కాబట్టి, అంతకుముందు గీసిన పటం ఇక చెల్లదు. అణు విద్యుత్కేంద్రంలో వాడిన ఇంధనాన్ని ఉంచే కొలనులో నీటి ఊగిసలాటను నిర్ణయించేవి ఆ పౌనఃపున్యాలే. అక్కడ ఉదాసీనత తగదు.

స్పెక్ట్రమ్ తనిఖీ 5 శాతం డ్యాంపింగ్‌తో (కంపనాన్ని అణచే గుణంతో), పౌనఃపున్యం పదింతలయ్యే ప్రతి అంతరంలో కనీసం 100 బిందువుల వద్ద జరగాలి. అమెరికా అణు నియంత్రణ కమిషన్ సమీక్షా ప్రణాళిక 3.7.1 ప్రకారం:
– ఎక్కడా లక్ష్యం కంటే 10 శాతానికి మించి తగ్గకూడదు
– 30 శాతానికి మించి పెరగకూడదు
– వరుసగా 9 బిందువులకు మించి లక్ష్యం కింద ఉండకూడదు

ఏది తప్పినా 2వ మెట్టు నుంచి మళ్లీ చేయండి.

అసలు రికార్డు వేగాన్ని, కొత్తదాన్ని ఒకదానిపై ఒకటి గీసి చూడండి. మొదట లేని పెద్ద పల్స్‌లు (వేగంలో ఒక్కసారిగా వచ్చే ఉబ్బెత్తులు) పుట్టుకొస్తే సవరణలతో కుస్తీ పట్టవద్దు. లక్ష్యానికి దగ్గరి స్పెక్ట్రమ్ ఆకృతి ఉన్న మరో రికార్డు తీసుకోండి.