టార్గెట్ పార్టీలతో మొదలై... ఇప్పుడు పొద్దున్నే చేతుల వణుకు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సేల్స్ మేనేజర్‌ని. డీలర్ల మీటింగ్ అయినా, టార్గెట్ కొట్టినా మందు పార్టీ తప్పదు. తాగనంటే ‘టీమ్‌లో కలవడు’ అంటారు. ఏడాదిగా ఇంట్లోనూ రోజూ క్వార్టర్ విస్కీ తాగుతున్నాను. పొద్దున చేతులు వణుకుతున్నాయి. నిద్ర కోసం అప్పుడప్పుడు ఆల్ప్రజోలం వేసుకుంటున్నా. రేపటి నుంచి పూర్తిగా మానేయాలనుకుంటున్నా. ఏం చేయాలి?

జవాబు: మానాలన్న నిర్ణయం మంచిదే. కానీ సొంతంగా, ఒక్కసారిగా మాత్రం ఆపొద్దు. క్వార్టర్, అంటే 180 మి.లీ. విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. పొద్దున్నే వణుకు వస్తోందంటే ఒళ్లు దానికి అలవాటు పడిపోయినట్టే. ఈ దశలో హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. అది ప్రాణాంతకం, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ముందే సైకియాట్రిస్టును కలిస్తే దాదాపు వారం పాటు మోతాదు తగ్గిస్తూ మందులిచ్చి ఈ గండం దాటిస్తారు.

నీరసంగా ఉందని వీధి చివరి క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కించుకోకండి. రోజూ తాగేవారిలో బి1 విటమిన్ (థయమిన్) తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మందు తాగిన రాత్రి ఆల్ప్రజోలం అసలే వద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

ఇక ఆఫీసు సంగతి. ఇది కేవలం మీ మనోబలానికి సంబంధించిన విషయం కాదు. బాస్ పోస్తాడు, బిల్లు కంపెనీ కడుతుంది, గ్లాసు ఖాళీ కాకముందే మళ్లీ నింపుతారు. అలాంటి చోట ఎన్ని పెగ్గులయ్యాయో లెక్క తెలియదు. బీరుకు మారితే సరిపోతుందనుకోవద్దు: 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో దాదాపు 40 గ్రాములుంటుంది. కనీసం మూడు నెలలు సాయంత్రం పార్టీలకు వెళ్లకండి. డీలర్లను మధ్యాహ్న భోజనానికి పిలవండి. తప్పనిసరైతే మొదటి నుంచీ చేతిలో లైమ్ సోడా పట్టుకోండి, భోజనం కాగానే బయల్దేరండి. ‘మందులు వాడుతున్నా, డాక్టర్ వద్దన్నారు’ అనే ఒక్క మాట చాలు. అది నిజం కూడా.

ఉద్యోగం పోతుందన్న భయంతో చికిత్స వాయిదా వేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యం, మీ అనుమతి లేకుండా డాక్టర్ కంపెనీకి చెప్పకూడదు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లొచ్చు. ఫోన్‌లో అయితే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416.

మీ ఇంట్లోవారికీ ఒక మాట: మందు మాన్పించే మాత్రలు (డైసల్ఫిరామ్) ఆయనకు తెలియకుండా అన్నంలో కలపొద్దు. ఆ సంగతి తెలియక పార్టీలో ఒక్క పెగ్గు తాగినా వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.