చూపు పదునెక్కిందా, ధ్యాస మారిందా?

చి. సౌమ్యకు,

ఆశీస్సులు. సాధన చేస్తే చూపు పదునెక్కుతుంది కదా, ఆ మార్పు మెదడులో ఎంత ముందు దశలో మొదలవుతుందో ఈఈజీతో, అంటే తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తు అలలు కొలిచే పద్ధతితో, చూస్తానన్నావు. చాలా సంతోషం. కానీ నేర్చుకోవడం వల్ల వచ్చిందేదో, ధ్యాస వల్ల వచ్చిందేదో విడదీయకపోతే నెలల శ్రమ బూడిదలో పోసినట్టే.

కార్నీ, సాగీ అనే పరిశోధకులు 1991లో వాడిన పరీక్షే పెట్టుకో. తెరనిండా అడ్డగీతలు, ఒక మూల మూడు ఏటవాలు గీతలు. అవి నిలువుగా పేర్చి ఉన్నాయా, అడ్డంగానా అన్నది చెప్పాలి. బొమ్మ తళుక్కున మెరిసి పోతుంది, కాసేపటికి మాస్క్, అంటే ఆ బొమ్మని కప్పేసే మరో బొమ్మ, పడుతుంది. నడిమధ్య వచ్చే అక్షరం టీయా, ఎల్లా అని కూడా అడుగుతారు. కంటి కదలికలు పట్టే ఐ ట్రాకర్ ఉంది కదా అని ఈ అక్షరం ప్రశ్నని తీసేయకు. కన్ను కదలకుండా ధ్యాస మాత్రమే మూలకి జారినా ట్రాకర్ పట్టుకోలేదు.

60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. బొమ్మని 10 మిల్లీసెకన్లే చూపమని ప్రోగ్రాంలో రాసినా కుదరదు. తెరకి ఫోటోడయోడ్ (వెలుగుని పట్టే సెన్సర్) అంటించి, బొమ్మ వచ్చిందని కంప్యూటర్ ఈఈజీకి పంపే ట్రిగ్గర్‌కీ నిజంగా వచ్చిన వెలుగుకీ మధ్య ఆలస్యం కొలిచి చూడు. తలని తెరకి 57 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే తెరమీద ఒక సెంటీమీటరు కంటి దగ్గర దాదాపు ఒక డిగ్రీ కోణం అవుతుంది, లెక్క తేలిక.

నీకు కావలసింది సి1 అల, అంటే బొమ్మకి చూపు కార్టెక్స్ (మెదడు పైపొరలో చూపుకి సంబంధించిన భాగం) ఇచ్చే మొట్టమొదటి స్పందన. బొమ్మ పడిన 50-60 మిల్లీసెకన్లకి మొదలై 80-100 మధ్య శిఖరానికి చేరుతుంది. బొమ్మ చూపు నడిమధ్యకి పైభాగంలో పడితే రుణంగా, కింద పడితే ధనంగా వస్తుంది. రెంటినీ కలిపి సగటు తీశావో, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కార్టెక్స్ మడతలు మనిషి మనిషికీ వేరు కాబట్టి, మొదటిరోజే ఎవరికి ఏ మూల స్పష్టంగా వస్తోందో చూసుకో. వెనకే పి1 అనే తర్వాతి అల వచ్చి సి1 మీద పడుతుంది. ధ్యాస ప్రభావం పి1లో బాగా కనిపిస్తుంది. అందుకని సి1 శిఖరాన్ని కాదు, ఎక్కే భాగాన్ని కొలువు.

ఎక్కువమంది జారేది ఇక్కడే. సాధన తర్వాత బొమ్మని గుర్తించడానికి బొమ్మకీ మాస్క్‌కీ మధ్య కావలసిన ఎడం తగ్గిపోతుంది. ఆ తగ్గిన ఎడంతోనే ఈఈజీ తీస్తే మాస్క్ అల ముందుకి జరిగి బొమ్మ అలలో కలుస్తుంది. దాన్ని నేర్పు అనుకుంటారు. ముందూ తర్వాతా ఒకే ఎడం పెట్టు, మాస్క్ లేకుండా కూడా కొన్ని వందల ప్రయత్నాలు తీయి. చివర్లో కష్టమైన అక్షరాల పని నడిమధ్య పెట్టి, మూలలో బొమ్మ ఊరికే పడేలా చేయి. అప్పుడు కూడా సి1 తేడా నిలిస్తే, అది ధ్యాసది కాదని గట్టిగా అనవచ్చు.

సి1 పెరగాలని మాత్రం ముందే అనుకోకు. పూర్ట్వా బృందానికి 2008లో తగ్గింది, బావో బృందానికి 2010లో పెరిగింది. నేర్పు ఒక మూలకే పరిమితమైతే అది ప్రాథమిక చూపు కార్టెక్స్‌దే అని కూడా రాయకు. రెండోచోట వేరే పని సాధన చేయిస్తే మొదటి నేర్పు అక్కడికీ పాకుతుందని 2008లోనే తేలింది.

ఒకరికి రోజుకి ఒక విడతే. అదే మూల మీద రోజంతా చేయిస్తే గుర్తింపు దిగజారుతుంది.

దీవెనలతో,
మావయ్య